మంచు నిలవని పెరడు

"ఆ పార అక్కడ పెట్టండి" అంది పద్మిని.

గోపీనాథ్ పెట్టలేదు. ఒక చెయ్యి పార మీద, ఒక చెయ్యి వెనక తలుపు గడియ మీద. మధ్యలో తలుపుకు వీపు ఆనించి పద్మిని.

"జరుగు పద్మినీ. పీకేసి సంచిలో కట్టేస్తాను. ఎంతసేపు పని?"

"ఆదివారం తులసి కోయకూడదు."

"కోయడం లేదు. పీకేస్తున్నాను."

"ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?"

అతను తల దించుకున్నాడు. చేతిలో పార మాత్రం దించలేదు.

"రామమోహన్ ఏమన్నాడో మళ్ళీ చెప్పనా?"

"వద్దు. బుధవారం నుంచీ అదే వింటున్నాను. ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పుకుంటాడు. నేల సంగతి ఆయనకేం తెలుసు?"

"నేల్లో ఉన్నదే కెమిస్ట్రీ అట."

రామమోహన్ ఫోన్లో నవ్వకుండా మాట్లాడే మనిషి కాదు. బుధవారం నవ్వలేదు. గోపీ, పరీక్షకని నువ్విచ్చిన మట్టి ఎక్కడిది, అని అడిగాడు. సమాధానం వినకుండానే, ముందు చేతులు కడుక్కో, పాపని అటు పోనివ్వకు, అన్నాడు.

ఆ మట్టి ఎక్కడిదో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

జనవరి నెల. వీధి మొత్తం మోకాలి లోతు మంచులో ఉంది. పక్క పెరళ్ళలో కంచెల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. వీళ్ళ పెరట్లో మాత్రం ఒక గదంత మేర నల్లటి తడి నేల. నాలుగు మూలలూ ఎవరో గీత గీసినట్టు సరిగ్గా ఉన్నాయి. ఆ గీత దాకా వచ్చిన మంచు అక్కడే ఆగిపోయింది. నేల మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. మధ్యలో నడుం ఎత్తు తులసి, ఎండాకాలంలో ఉన్నంత పచ్చగా.

ఈ దేశంలో మన ఆడవాళ్ళందరూ అక్టోబరు రాగానే తులసి కుండీని ఇంట్లోకి మోసుకొస్తారు. అయినా సగం కుండీలు సంక్రాంతి దాకా బతకవు. పద్మిని తులసి ఈ పెరట్లో ఇది మూడో చలికాలం దాటుతోంది. శనివారాలు ఊళ్ళోని తెలుగువాళ్ళు దాన్ని చూడటానికే వస్తారు. ప్రదక్షిణం చేసి, తీర్థం తీసుకుని, వెళ్ళేటప్పుడు ఖాళీ పెరుగు డబ్బాల్లో పిడికెడు మట్టి ఇంటికి పట్టుకెళ్తారు.

అంత వెచ్చటి చోటుకు పిచ్చుకలు వచ్చి వాలాలి కదా. ఒక్కటి కూడా వాలదు. గోపీనాథ్ ఆ సంగతి గమనించి చాలా రోజులైంది, భార్యతో అనలేదు.

"అయినా నాకు తెలుసు మీ సంగతి" అంది పద్మిని. "మీ బాధ తులసి గురించి కాదు. రేపు కోర్టులో మేయరుగారి తరఫున సాక్ష్యం చెప్పకుండా తప్పించుకోవాలి. దానికోసం ఈ కథలన్నీ."

"తప్పించుకోవాలనుందన్నది నిజమే."

"మనకు ఉప్పు పెట్టిన మనిషి గురించేనా అంటున్నారు?"

"ఆయన గురించే."

వేరే ఇళ్ళలో అయితే ఈ చలికి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఎప్పుడూ గుర్రుమంటూనే ఉంటుంది. ఈ ఇంట్లో అది మోగడం అరుదు. నేల వెచ్చదనమే ఇంట్లోకీ ఎక్కుతుంది.

ముందు గదిలోంచి ఉష పరిగెత్తుకొచ్చింది. ఐదేళ్ళ పిల్ల.

"అమ్మా! మేయర్ అంకుల్ వచ్చింది! కార్ లేదు. వాక్ చేసి వచ్చింది!"

*

లియో కొవాచ్ గుమ్మంలో నిలబడి జుట్టు మీది మంచు దులుపుకుంటున్నాడు. డ్రైవరు లేడు. ఎప్పుడూ వెంట ఉండే ఇద్దరు మనుషులు కూడా లేరు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, గోడ వారగా జంటగా పెట్టాడు. ఏడేళ్ళ కిందట పద్మిని నేర్పిన మర్యాద అది.

ఆ ఏడేళ్ళ కిందట ఆయన మేయరు కాడు, కౌన్సిలర్. గోపీనాథ్ పార్కింగు లాటులో చీటీలు చింపే సివిల్ ఇంజనీరు. పెద్ద మంచు తుపాను వచ్చి నగరం నాలుగు రోజులు కదల్లేదు. అప్పటి మేయరు ఫ్లారిడాలో ఉండిపోయాడు. కొవాచ్ మంచు తోసే లారీ తానే ఎక్కాడు. ఆస్పత్రులకు దారి తెరవాలంటే ఏ వీధి ముందు, ఏ వీధి వెనక అన్నది పార్కింగు లాటు గుడిసెలో కూర్చుని గోపీనాథ్ చెప్పాడు. నవంబరులో కొవాచ్ గెలిచాడు. గెలిచిన వారంలోనే గోపీనాథ్‌కు నగర పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం వచ్చింది. డిగ్రీ ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

రెండోసారి గెలిచే ముందు ఈ వీధి. కాలిపోయి, కూలిపోయిన పాత ఇళ్ళ నేలకింది గదులు, బేస్‌మెంట్లు, పూడ్చి కొత్త ఇళ్ళు కట్టించాడు. మొదటి తాళంచెవి పద్మిని చేతిలో పెట్టి ఫోటో దిగాడు.

ఇప్పుడు ఆయన కమిషనర్లు ఒక్కొక్కరే అరెస్టవుతున్నారు. చెత్త ఎత్తే కాంట్రాక్టర్ల దగ్గర ఎవరెంత తిన్నారో పేపర్లు రోజూ రాస్తున్నాయి. ఫ్యాక్టరీల రసాయనాల చెత్త ఊరి బయటికి పోలేదనీ, పూడ్చిన బేస్‌మెంట్లలోకే పోయిందనీ ప్రభుత్వ లాయరు అంటున్నాడు. కాదనడానికి మేయరుకు ఉన్నది ఒకే ఒక రుజువు. తన ఇంజనీరు తన బిడ్డను ఆ నేల మీదే పెంచుకుంటున్నాడు.

"రండి అన్నయ్యగారూ" అంది పద్మిని. ఆయనతో మాట్లాడేది ఇంగ్లీషులోనే అయినా ఆ పిలుపు మాత్రం తెలుగులోనే. "ఇల్లిచ్చారు గానీ గృహప్రవేశం తర్వాత ఒక్కసారైనా గడప తొక్కారా? నేను అలిగాను మీ మీద."

"అలగాల్సిందే" అన్నాడాయన. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

సోఫా చూపిస్తే అందులో కూర్చోలేదు. వంటగది కుర్చీ ఒకటి లాక్కుని, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. పద్మిని కాఫీ కలిపి ఇచ్చింది. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ తాగలేదు. మేజోడు మడమ దగ్గర చిరిగి ఉంది. భార్య ఊళ్ళో ఉన్నట్టు లేదు అనుకుంది పద్మిని. ఆ క్షణం ఆయన మీద ఆమెకు మనసు కరిగింది.

"రేపు నిన్ను రెండే అడుగుతారు గోపీ" అన్నాడు కొవాచ్. "ఎక్కడ ఉంటున్నావు? నీతో ఎవరెవరు ఉంటున్నారు? అంతే. నువ్వు ఒక్క అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు."

"మూడోది అడిగితే సార్?"

"అడగరు. మా లాయరు చూసుకుంటాడు. వీలైతే పాపని కూడా తీసుకురా. జడ్జి పిల్లలున్న మనిషి."

గోపీనాథ్ కిటికీ దగ్గరికి జరిగాడు. "మీరు కిటికీ వైపు చూడటం లేదేం సార్?"

కొవాచ్ కాఫీలోకి చూశాడు.

"ఏవండీ!" అంది పద్మిని తెలుగులో. "ఇంటికొచ్చిన మనిషిని అలా నిలదీస్తారా? మీ అనుమానం ఇప్పుడే తీరుస్తాను. ఆయన తీర్థం తీసుకుంటారు, చూడండి."

దేవుడి అరలోంచి రాగి చెంబు, ఉద్ధరిణి తెచ్చింది. నిన్న కోసిన ఆకులు నీళ్ళ మీద తేలుతున్నాయి. మామూలు తులసి వాసన కంటే ఎక్కువ వాసన గదంతా నిండింది. కర్పూరం లాంటిది, కిరసనాయిలు లాంటిది, మళ్ళీ తులసే.

"తీర్థం, అన్నయ్యగారూ."

పాత అపార్ట్‌మెంటులో ఎన్నిసార్లు తీసుకోలేదు! కుడి చెయ్యి గుంటగా చేసి, కింద ఎడమ చెయ్యి ఆనించి, తాగి, తడి చెయ్యి తలకు రాసుకునేవాడు. మొదటి ఎన్నిక ముందు రోజు కూడా అంతే, ఓట్ల లెక్కింపు రాత్రి కూడా అంతే.

ఇప్పుడూ అలవాటుగా కుడి చెయ్యి ముందుకొచ్చింది. గుంట అయింది. పద్మిని ఉద్ధరిణి వంచబోయింది.

వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

"ఇవాళ వద్దు పద్మినీ."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి? మైలా ఏమన్నా?" అని, ఆ మాట ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియక ఆగిపోయింది. ఉద్ధరిణి గాల్లో అలాగే ఉంది.

"నాకు! నాకు!" ఉష మధ్యలోకి దూరి చిన్న చెయ్యి చాపింది. రోజూ తీసుకునేదే. పద్మిని అలవాటుగా ఆ చేతిలోకి వంచింది.

కుర్చీ వెనక్కి పడింది. కొవాచ్ పిల్ల మణికట్టు పట్టుకుని లాగాడు. నీళ్ళు కార్పెట్ మీద చిందాయి. ఉద్ధరిణి ఎక్కడో పడి చప్పుడైంది.

"ఆమెకు ఇవ్వకు!" అన్నాడాయన. సభల్లో వినిపించే గొంతు కాదది. "దేవుడి మీద ఆన, ఆమెకు ఇవ్వకు."

ఉష ఏడవలేదు. తన చేతిని తన గౌనుకే తుడుస్తున్న పెద్దమనిషిని వింతగా చూసింది. వేళ్ళ సందుల్లో కూడా తుడుస్తున్నాడు.

పద్మిని చెంబు కింద పెట్టింది. భర్త వైపు చూడలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"పద్మినీ..."

"తాళంచెవి ఇచ్చినప్పుడు తెలుసా?"

"అప్పుడు తెలీదు. పూడ్చింది మంచి మట్టేనన్నారు. ఆ తర్వాత వారానికి ఒకడొచ్చి చెప్పాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. వీధి ఖాళీ చేయించాలంటే... అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక చెప్పడానికి ఒక్క మంచి రోజు రాలేదు."

"మూడేళ్ళా?"

ఆయన ఉష చెయ్యి వదిలాడు.

"ఇది రోజూ తాగుతుంది" అంది పద్మిని నెమ్మదిగా, కూతురి తల మీద చెయ్యి వేసి. "నేనే పోస్తాను. స్నానం చేయించి, బొట్టు పెట్టి, కళ్ళు మూసుకోమని చెప్పి నేనే పోస్తాను."

గోపీనాథ్ ఆమె భుజం పట్టుకున్నాడు. ఇందాక చేతిలో ఉన్న పార ఎప్పుడు కింద పెట్టాడో అతనికే తెలీదు.

"సార్, రేపు నేను మీ తరఫున చెప్పలేను."

"తెలుసు" అన్నాడు కొవాచ్. "పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసింది." పడిన కుర్చీని లేపి, బల్ల కిందికి జరిపి పెట్టాడు. "ఇవాళ ఇక్కడ పడుకోకండి."

ఆయన ముందు గుమ్మం వైపు వెళ్ళలేదు. వెనక తలుపు తీసుకుని, మేజోళ్ళతోనే పెరట్లోకి దిగాడు.

*

పద్మిని ఉష బట్టలు సర్దింది. తర్వాత ఫోన్ దగ్గర నిలబడి చాలాసేపు డయల్ చేయలేదు.

"నేను చేయనా?" అన్నాడు గోపీనాథ్.

"వద్దు. నేనే పంచాను."

అవతల రాధారాణి, డాక్టరు దామోదర్ భార్య, ఎప్పటిలా గలగలమంది.

"ఏమే! ఇప్పుడే అనుకుంటున్నా. నువ్విచ్చిన తులసి కొమ్మ ఎంత బాగా అంటుకుందో తెలుసా? సింక్ పైన కిటికీలో పెట్టాను. మట్టి చాల్లేదు, వచ్చే శనివారం ఇంకో డబ్బా కావాలి. ఉదయ్‌కి జలుబు చేసింది కదా, ఆ ఆకులే కషాయం కాచి..."

"రాధా, అది పారెయ్యి."

"దేన్ని?"

"మొక్కని. మట్టిని. కషాయాన్ని. పిల్లాడికి ఇంక పట్టకు. డాక్టరుగారికి చెప్పు, రామమోహన్ గారికి ఫోన్ చేయమను."

"మతి పోయిందా నీకు? మీ ఆయన మేయర్ మీదికి తిరిగాడని అంటున్నారు, నిజమేనా? అందుకా ఈ..."

"ఆయన ఉషని తాగనివ్వలేదు రాధా. మేయరుగారు. తను తాగలేదు, దాన్ని తాగనివ్వలేదు."

అవతల నీళ్ళ పంపు ఆగిన చప్పుడు.

"నువ్వే కదే చెప్పావు" అంది రాధారాణి చివరికి. గొంతు చిన్నదైపోయింది. "అమ్మవారి మహిమ అని నువ్వే చెప్పావు. నీ మాట మీద బాలింత వసుమతికి కూడా పంపించాను."

పద్మిని కళ్ళు మూసుకుంది. తిట్టవే, అనుకుంది. ఒక్క మాట తిట్టు.

రాధారాణి తిట్టలేదు. ఊపిరి పీల్చి వదిలిన చప్పుడు వినిపించింది.

"వసుమతికి నేను ఫోన్ చేస్తాను. మిగతావాళ్ళకి ఇద్దరం కూర్చుని చేద్దాం. ముందు మీరు ఇక్కడికి వచ్చెయ్యండి. అన్నం వండుతున్నాను."

*

కారులో ఉషని కూర్చోబెట్టి గోపీనాథ్ ఇంజను వేశాడు. పద్మిని ఎక్కబోయి ఆగింది.

"ఆయన ఇంకా అక్కడే ఉన్నారు."

"పద్మినీ, ఇంక మన పూచీ కాదు."

"ఒక్క నిమిషం."

ఇంటి పక్కగా మంచులో నడిచి పెరట్లోకి వెళ్ళింది. సాయంత్రపు వెలుతురు నీలంగా మారుతోంది. కొవాచ్ ఆ నల్లటి నేల మూలలో, తడిలో కూర్చుని ఉన్నాడు. కోటు విప్పి పక్కన పెట్టాడు. చుట్టూ ఆవిరి లేస్తోంది. చలికి ఒణకడం లేదు.

"ఇక్కడ మా అమ్మ వంటగది" అన్నాడు, ఆమె వైపు తిరక్కుండానే. "కాలిపోయినవాటిలో మా ఇల్లూ ఒకటి. స్టవ్ సరిగ్గా ఇక్కడ ఉండేది. చలికాలం మేం నలుగురం దాని చుట్టూ పడుకునేవాళ్ళం. ఇంట్లో వెచ్చగా ఉండే మూల ఇదొక్కటే." అరచెయ్యి నేలకు ఆనించాడు. "చూడు, ఇప్పటికీ వెచ్చగానే ఉంది."

పద్మిని చెవి ఒగ్గింది. కాళ్ళ కింద నేల ఊపిరి తీస్తున్నట్టు ఎక్కడో లోతున సన్నటి చప్పుడు. నీళ్ళు మరిగే ముందు గిన్నె చేసే చప్పుడు. మూడేళ్ళు రోజూ ఇక్కడ దీపం పెట్టింది. ఒక్కరోజు కూడా వినలేదు. ఎప్పుడూ శ్లోకం చదువుతూ ఉండేది.

"ఇది మీ అమ్మగారి ఇల్లని మాకెందుకు చెప్పలేదు?"

"మంచి చోటు మంచివాళ్ళకి ఇద్దామనుకున్నాను. ఆ ఒక్కటీ నిజం. నమ్మినా నమ్మకపోయినా."

నమ్మింది. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. కోపంతోనే అంది.

"లేవండి అన్నయ్యగారూ. కార్లో చోటుంది."

ఆయన మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"మీ కారు ఎక్కడికెళ్తోందో నాకు తెలుసు."

"రాధారాణి ఇంటికి. అందరం తిందాం. రేపు కోర్టుకి."

"నన్ను కూడానా? మీ ఆయన చాలడా?"

"ఆయన ఎక్కడ ఉంటున్నారో చెప్పగలరు. కింద ఏముందో ఆయనకి తెలీదు. అది మీకే తెలుసు."

కొవాచ్ అరచేతికి అంటిన మట్టి వైపు చూసుకున్నాడు.

అప్పుడే పక్కింటి వెనక తలుపు తెరుచుకుంది. మిసెస్ ప్రూయిట్ తువాలుకు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కంచె మీదుగా పద్మినిని చూసి చెయ్యి ఊపింది.

"పద్మినీ! ఇటు చూశావా? పొద్దున లేచేసరికి ఇలా ఉంది!"

ఆమె పెరట్లో, తెల్లటి మంచు మధ్య, చాపంత మేర నల్లటి నేల తేలింది. దాని అంచులు ఇంకా కరుగుతున్నాయి. ఉష వయసు కవల పిల్లలిద్దరు అక్కడ చేతి తొడుగులు విప్పేసి, గొంతుక్కూర్చుని, ఉత్త చేతులతో ఆ నేల తడుముతున్నారు.

"మీ దేవత మా వైపు కూడా వచ్చినట్టుంది!" అని నవ్వింది మిసెస్ ప్రూయిట్. "వచ్చే చలికాలానికి నాక్కూడా ఓ మొక్క ఇస్తావా?"

పక్కన కొవాచ్ లేచి నిలబడటం తెలిసింది. మోకాళ్ళకు మట్టితో, తడి మేజోళ్ళతో నల్లటి నేల దాటాడు. మంచులోకి అడుగు పెట్టాడు. అడుగు వెనక అడుగు నల్లటి గుర్తు. కంచె దాకా వెళ్ళి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ముందు వాకిట్లోంచి గోపీనాథ్ హారన్ కొట్టాడు.

"అయ్యో, మేయరు గారా!" మిసెస్ ప్రూయిట్ ముఖం వెలిగింది. చేతిలో తువాలు గబగబా చంకలో పెట్టుకుంది. "మీకే వేశామండీ, రెండుసార్లూ! పిల్లలూ, లేవండి, ఎవరొచ్చారో చూడండి!"

పిల్లలు లేచి, మట్టి చేతులు చాచి, కంచె వైపు పరిగెత్తారు.

"మిసెస్ ప్రూయిట్" అన్నాడు కొవాచ్.

ఆమె నవ్వుతూ నిలబడింది, ఆయన ఏం చెబుతాడో అని.